టోనీ కుక్కిన కమాండ్లు

కమాన్‌పూర్ దగ్గర ఓ బొగ్గు కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్లు చూసే టోనీ, ఒక్కో కమాండు కొట్టే ముందు పదివేళ్లూ విరుచుకుంటాడు. వేలిముద్రతో హాజరు పట్టే చిన్న మిషన్‌లో నడిచే, అవసరమైన మేరకే కమాండ్లున్న బుల్లి లినక్స్ సాఫ్ట్‌వేర్ అంటే అతనికి నామోషీ. నిన్న మొదటి షిఫ్టుకు ముందు, పెద్ద సిస్టములకుండే కమాండ్లన్నీ తెచ్చి అందులో కుక్కాడు. జాగా నిండి మిషన్ మొరాయించింది. హాజరు పడకపోతే డ్యూటీ పోయినట్టే. డ్రైవర్లు బొటనవేళ్లు తుడుచుకుంటూ వరసలో నిలబడ్డారు.

"గన్ని ఎక్కించినవ్ గద బిడ్డా, అండ్ల నువ్వు వాడేది ఏది?" అన్నాడు డంపర్ నడిపే నర్సింగం.

"తారీఖు చూసే కమాండు, కాక."

"అది ముందు లేకుండెనా?"

"ఉండె," అని టోనీ మళ్లీ వేళ్లు విరిచాడు.

నర్సింగం టోనీ నెత్తిమీద వేలాడుతున్న చర్చి క్యాలెండరులో తారీఖు చూసుకుని, పాత హాజరు పుస్తకంలో సంతకం పెట్టాడు.