టార్పెడో తోక కోసం న్యూపోర్ట్ దాకా

మీలో ఎవరైనా న్యూపోర్ట్ వెళ్ళదలచుకుంటే ముందే ఒక మాట చెప్పేస్తాను. అక్కడి మ్యూజియం నౌకాదళ స్థావరం లోపల ఉంది. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాళ్ళు లోపలికి వెళ్ళాలంటే చాలా ముందుగా రాసి అనుమతి తెప్పించుకోవాలి. ఈ సంగతి మాకు గేటు దగ్గర నిలబడ్డాక తెలిసింది. పొద్దున్న చీకటితో లేచి, రెండు రైళ్ళు, ఒక బస్సు మారి వెళ్ళినవాళ్ళకి అలాంటి మాట ఎలా వినిపిస్తుందో మీరే ఊహించుకోండి.

అసలు నర్సుద్యోగం చేసుకునే నాకు టార్పెడోలతో ఏం పని? నాకేం లేదు, పనంతా మా ఆయనది. మా ఆయన దానియేలు విశాఖపట్నంలో ఓడల మరమ్మతు కార్ఖానాలో, గేర్ సెక్షన్‌లో పనిచేసిన మనిషి. నేను నర్సుగా ముందు ఈ దేశం వచ్చాను. మూడేళ్ళ తరవాత ఆయన వచ్చారు. నాకు పౌరసత్వం వచ్చింది, ఆయనకింకా గ్రీన్‌కార్డే. మా కాపురం పిస్కాటవే అనే ఊళ్ళో. వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఒక గిడ్డంగిలో అట్టపెట్టెలు మోస్తున్నారు. గేర్ల పని కోసం కాళ్ళరిగేలా తిరిగారు. విశాఖపట్నం ఎక్కడుందో తెలియని వాళ్ళకి అక్కడి సర్టిఫికెట్లు ఏం చెబుతాయి?

ఈ ఎనభై మూడు జూన్‌లో, ఎట్టకేలకి, గేర్లు కోసే ఒక చిన్న వర్క్‌షాప్ యజమాని ఫోన్ చేశాడు. "కాగితాలు నాకు అక్కర్లేదు. రెండు వారాలాగి సోమవారం రా. నీ చేత్తో చేసింది ఏదైనా పట్టుకురా" అన్నాడట.

మా ఆయన టార్పెడో తోక ఎంచుకున్నారు. పాతకాలపు టార్పెడోలో ఒకే ఇంజను రెండు ప్రొపెల్లర్లను తిప్పుతుంది. అవి ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకి. ఒక్కటే ఉంటే దాని ధాటికి టార్పెడో మొత్తం నీళ్ళలో పొర్లిపోతుందట. ఆ ఎదురు తిప్పుడంతా తోకలో ఉన్న వాలు పళ్ళ గేర్లు చేస్తాయి. "అది చిన్న సైజులో చేసి నీళ్ళలో నడిపి చూపిస్తే వాడింక ప్రశ్నలు వెయ్యడు రూతూ" అన్నారు.

చేశారు. చేయంత పొడుగు అల్యూమినియం గొట్టం, మూతికి ఎర్ర రంగు, లోపల బ్యాటరీ మోటారు, తోకలో ఆయన స్వయంగా కోసిన ఇత్తడి గేర్లు. వంటింటి బల్లమీద పెట్టి స్విచ్ వేస్తే రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురు దిక్కుల్లో గిర్రున తిరిగాయి. నీళ్ళలో వెయ్యడానికి పొడుగాటి తొట్టి కావాలి. మా తెలుగు సంఘం ఆదివారం ఆరాధనలకి అద్దెకి తీసుకునే అమెరికన్ చర్చిలో బాప్తిస్మపు తొట్టి ఉంది. పాస్టర్‌గారిని బతిమాలి, శనివారం నీళ్ళు నింపాక అందులో వదిలాం.

అది అక్కడే వణుకుతూ నిలబడింది. నీళ్ళు కలకబారాయి గానీ అది జానెడు కదల్లేదు. పాస్టర్‌గారు ఒడ్డున నిలబడి, "మునగడం బానే మునిగిందండీ దానియేలుగారూ, నడవడం మాత్రం రాలేదు" అన్నారు. నవ్వొచ్చింది గానీ, మా ఆయన మొహం చూసి ఆపుకున్నాను.

నీళ్ళ బరువు పడగానే గేరు పళ్ళు జారుతున్నాయని ఆయన లెక్క. మళ్ళీ కోశారు, కదల్లేదు. మూడోసారీ అదే వరస. గురువారం రాత్రి భోజనం దగ్గర కంచంలో చెయ్యి అలాగే ఉంచేసి, "నా చెయ్యి పోయింది రూతూ. అట్టపెట్టెలు మోసీ మోసీ పోయింది. దీనికింక గేరు లొంగదు" అన్నారు. పదహారేళ్ళ కాపురంలో ఆయన నోట అలాంటి మాట వినలేదు.

ఆయన తెచ్చుకున్న లైబ్రరీ పుస్తకంలో ఉందట, న్యూపోర్ట్‌లో తోక కోసి లోపలి గేర్లు కనిపించేలా పెట్టిన అసలు టార్పెడో ఒకటి ఉందని. నేను శనివారం డ్యూటీ మార్చుకున్నాను. పిల్లని పక్కింటి విమల ఆంటీకి అప్పగించాం.

శనివారం అయిదున్నరకి న్యూ బ్రన్స్‌విక్‌లో రైలెక్కాం. న్యూయార్క్‌లో దిగి, ప్రావిడెన్స్ వెళ్ళే రైలు పట్టుకున్నాం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, కనెక్టికట్ దాటేదాకా సముద్రం కనబడుతూనే ఉంటుంది. రైల్లో అమ్మే శాండ్‌విచ్ కొనకండి, ఉప్పూ లేదు, ఊపిరీ లేదు. మేం చపాతీలు, గుడ్డుకూర కట్టుకెళ్ళాం. మూత తీయగానే ముందు సీట్లో పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు. ఒక చపాతీ ఇచ్చాను, తిని బాగుందన్నాడు.

టార్పెడోని మా ఆయన పువ్వుల దుకాణం వాళ్ళ పొడుగాటి తెల్ల అట్టపెట్టెలో పెట్టి ఒళ్ళో పట్టుకున్నారు. ఎదురు సీట్లో ముసలామె ముచ్చటపడి, "గులాబీలా? ఎంత అదృష్టవంతురాలివమ్మా!" అంది నాతో.

"కాదండీ, పనిచెయ్యని వస్తువు" అన్నారు మా ఆయన. నేను ఆయన కాలు తొక్కాను.

పదకొండున్నరకి ప్రావిడెన్స్. అక్కణ్ణించి న్యూపోర్ట్‌కి బస్సు గంట పైన పట్టింది. ఊరు ముచ్చటగా ఉంది. ఎటు చూసినా తెరచాపల పడవలే. స్థావరం గేటు దాకా టాక్సీలో వెళ్ళాం. అక్కడే ఆ మాట విన్నాం.

గేటు దగ్గరి కుర్రాడు మర్యాదస్థుడే. నా పాస్‌పోర్టు చూసి, "మీరు వెళ్ళొచ్చు మేడమ్. సార్‌కి మాత్రం కుదరదు. రూల్" అన్నాడు. పెట్టెలో ఏముందని అడిగాడు. బొమ్మ టార్పెడో అని మా ఆయన ఉన్నమాట చెప్పేశారు! నౌకాదళం గేటు దగ్గర! కుర్రాడు మూత ఎత్తి చూసి నవ్వి, "ఇది మాత్రం బయటే ఉండాలి" అన్నాడు.

మా ఆయన రోడ్డవతల బెంచీ మీద కూలబడ్డారు. "నువ్వెళ్ళు. పెద్ద గేరుకి ఎన్ని పళ్ళు, చిన్నదానికెన్ని, అంతే. ఇంకేం చూడకు."

"నాకేం తెలుస్తుందండీ?"

"పేషెంట్‌ని చూసినట్టు చూడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు."

మ్యూజియంలో జనం పల్చగా ఉన్నారు. చూపించడానికి ఒక పెద్దాయన ఉన్నాడు. తోక చూడాలంటే ఆశ్చర్యపోయాడు. "అందరూ మూతి దగ్గరే నిలబడతారమ్మా, పేలేది అదే కదా. తోక చూపించమన్నవాళ్ళని నేనింతవరకు చూడలేదు" అన్నాడు.

ముందు ఇంకో రకం చూపించాడు. దానికి ఇంజనే లేదు. కడుపులో బరువైన ఉక్కు చక్రం ఒకటి ఉంటుంది. వదలబోయే ముందు ఓడమీది ఆవిరి యంత్రంతో దాన్ని బొంగరంలా మహా వేగంగా తిప్పి వదిలేస్తారు. ఆ తిరిగే ఊపే వెనక పక్కపక్కనున్న రెండు ప్రొపెల్లర్లకీ అందుతుంది. చక్రం నెమ్మదించేకొద్దీ రెక్కల వాలు దానంతటదే పెరిగి వేగం తగ్గకుండా చూస్తుందట. బుడగలు రావు కాబట్టి అది వస్తున్నట్టు శత్రువుకి తెలియదు. ఇంత తెలివి మనుషుల్ని ముంచడానికా అనిపించింది.

రెండోది గాలి ఇంజను టార్పెడో, మా ఆయన చెప్పినది. తోక ఒక పక్క కోసి ఉంది. బోలు కడ్డీలోంచి ఇంకో కడ్డీ దూరి వెళ్ళింది, ఒక్కోదానికి ఒక్కో ప్రొపెల్లర్. మధ్యలో వాలు పళ్ళ గేర్లు. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. పెద్దాయన చేత్తో మెల్లగా తిప్పి చూపించాడు.

నా పని అయిపోయింది. కానీ వార్డులో అలవాటు, పైనుంచి కిందిదాకా ఒకసారి చూడకుండా కదలను. రెక్కల దగ్గర చూపు ఆగింది. ముందు ప్రొపెల్లర్ రెక్కలు ఒకవైపు వాలి ఉన్నాయి, వెనకదాని రెక్కలు రెండోవైపు. మాటల్లో పెట్టడం నాకు రాలేదు. రెండు అరచేతులూ ముందుకు చాపి, ఒకటి అటూ ఒకటి ఇటూ వంచి, అలాగే గుర్తు పెట్టుకున్నాను. పెద్దాయన నన్ను వింతగా చూశాడు.

బయటికొచ్చి పళ్ళ లెక్క చెప్పాను. మా ఆయన మొహం ఇంకా వాడిపోయింది. "నా లెక్క కూడా అదే. అంటే లెక్క తప్పలేదు. కోత తప్పు. చెయ్యే తప్పు" అన్నారు.

"ఇంకోటుందండీ. మీరు చూడొద్దన్నారు గానీ చూశాను." అరచేతులు చాపి చూపించాను. "ముందుది ఇలా, వెనకది ఇలా."

ఆయన నా చేతుల వంక అలాగే చూశారు. తరవాత పెట్టె మూత తీశారు. ఆ ప్రొపెల్లర్లు బొమ్మల దుకాణంలో ఒకే డబ్బాలోంచి కొన్నవి. రెండింటి రెక్కలూ ఒకేవైపు వాలి ఉన్నాయి. ఒకే వాలు, ఎదురు తిప్పుడు. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది అంతే బలంగా వెనక్కి తోస్తోందన్నమాట.

"ఓరి దేవుడా! ఇది తెలియనివాడెవడే!" అని తల కొట్టుకున్నారు.

"మరి మీకు తెలీదా?"

"తెలుసు! కానీ అక్కడ మా పని కడ్డీ చివరితో సరి. ఆ తరవాత ప్రొపెల్లర్ సెక్షన్. వాళ్ళ వస్తువు మేం ముట్టం, మా వస్తువు వాళ్ళు ముట్టరు. కుడి వాలుది ఒకటి, ఎడమ వాలుది ఒకటి వస్తాయని నేనెప్పుడైనా చూశానా? గేరు దాటి నా చూపు పోనే లేదు రూతూ!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సముద్రాలు దాటి వచ్చినా ఈయన ఇంకా ఆ సెక్షన్‌లోనే ఉన్నారు.

నా చేతిసంచిలో ఆస్పత్రి పట్టకారు ఎప్పుడూ ఉంటుంది. అది లాక్కుని, వెనక ప్రొపెల్లర్ పల్చటి ఇత్తడి రెక్కల్ని ఒక్కొక్కటే రెండోవైపుకి మెలిపెట్టారు. బస్సుకింకా టైముంది. టాక్సీ పిలిచి, ఊరి చివర జనం లేని ఒడ్డుకి వెళ్ళాం. ఆయన ప్యాంటు మడిచి మోకాలి లోతు నీళ్ళలోకి దిగారు.

"తాడు కట్టండి" అన్నాను.

"ఎందుకు? ఎప్పుడైనా కదిలిందా ఇది?" అంటూ స్విచ్ వేసి వదిలారు.

వెళ్ళింది! చేతిలోంచి జారి, అటూ ఇటూ పొర్లకుండా, గీత గీసినట్టు తిన్నగా వెళ్ళింది. "పోతోంది! రూతూ, పోతోంది!" అని చిన్నపిల్లాడిలా గెంతారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఎర్రటి మూతి ఒక అల మీద కనబడింది, ఇంకో అల మీద కనబడింది, ఆ తరవాత కనబడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. సోమవారం ఎల్లుండే.

ఒడ్డున చాలాసేపు నిలబడ్డాం. అది తిరిగి రాలేదు. ఈయన్ని ఎలా ఓదార్చాలా అని బస్సులో అంతసేపూ ఆలోచించాను. ఆయన ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ప్రావిడెన్స్‌లో ఆరున్నర రైలెక్కాం. ఇంకా ఎండ ఉంది. పక్క వరసలో చిన్నపిల్లతో కూర్చున్న ఒకావిడ, పెట్టె చూసి, పువ్వులా అని అడిగింది. మా ఆయన మూత తీసి ఖాళీ పెట్టె చూపించి, "వెళ్ళిపోయింది!" అన్నారు, ఎంత గొప్పగా అన్నారో! ఆవిడకేం అర్థమవుతుంది, పాపం.

తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చోవాలి, సముద్రం అటే. మిగిలిన చపాతీలు తిన్నాం. ఆ ఊరు ఎలా ఉందని ఎవరైనా అడిగితే చూడదగ్గదనే చెబుతాను. అయితే నేను చూసినవి గేరు పళ్ళు, రెక్కలు, మోకాలి లోతు నీళ్ళలో గెంతుతున్న మా ఆయన. నాకవి చాలు.

న్యూ హేవెన్ దాటాక ఆయన ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు. "మొదటి రెండు సెట్ల గేర్లూ ఇంట్లోనే ఉన్నాయి కదూ? పారెయ్యలేదుగా?"

"డ్రాయర్‌లో ఉన్నాయి. మోటారు, గొట్టం, ప్రొపెల్లర్ల జత కూడా ఇంకోటేసి ఉన్నాయి. రేపు ఆరాధన అయ్యాక తొట్టి అడుగుదాం."

ఆయన తలూపారు. కాసేపు తన చెయ్యి కేసి చూసుకున్నారు, అటు తిప్పి, ఇటు తిప్పి.

"అంటే మొదటి సెట్టే సరిగ్గా కోశాను రూతూ" అన్నారు. "మొదటిదే బాగుంది."