అన్న ఉప్పు మానేసిన లెంటు దినాలు

పోయిన ఆదివారం మా కూతురి కొడుకు కుడతిని నుంచి భోజనానికి వచ్చి, నేను కంచం మూలన వేసిన ఉప్పును వేలితో పక్కకు నెట్టేసి, "ఉప్పు వద్దవ్వా, తేరు నాటికి కాంపిటీషన్ ఉండాది, ఇంగ బంద్ చేసినా" అని నవ్వుతూ అన్నప్పుడు, గరిటె చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. వాడు అక్కడ కరెంటు ఫ్యాక్టరీలో పని చేస్తూ గదిలో ఒక్కడే ఉంటాడు, షిఫ్టు దిగగానే జిమ్ముకు పోతాడు. వాడి భుజాలు చూస్తే దిష్టి తగులుతుందేమో అనిపిస్తుంది, క్రైస్తవుల ఇంట్లో ఆ మాట అనకూడదు గానీ. ఆ పూట మాత్రం నేను వాడి భుజాలు చూడలేదు, పెదవులు చూశాను. తడిగా ఉన్నాయా, ఎండిపోయాయా అని చూశాను. ఎందుకంటే మా అన్నకు మొదట ఎండిపోయినవి పెదవులే.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా చిన్నతనంలో బళ్లారిలో కండలు పెంచాలంటే గరిడికి పోవాల్సిందే, అంటే ఎర్రమట్టి పరిచిన కుస్తీ కొట్టానికి. దానికి తిండి కూడా ఇంట్లో ఉన్నదే: రాత్రి నానేసిన శెనగలు, జొన్నరొట్టె, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి, కప్పగల్లు నుంచి పాలామె తెచ్చే గేదెపాలు. లారీ షెడ్డులో టైర్లు విప్పే మా అన్న, గరిడిలో ఎవరో చెప్పారని, కోడిగుడ్ల తెల్లసొన మాత్రం తిని పచ్చసొనలు నాకు వదిలేసేవాడు. నేను వాటిమీద ఉప్పు చల్లుకుని అరుగుమీద కూర్చుని తినేదాన్ని, అందుకే ఆ రోజుల్లో నేను వాడికంటే బాగా బలిశానని అమ్మ వెక్కిరించేది. తినే పిల్లలను చూస్తూ ఎదురుగా కూర్చోవడం అమ్మకు అలవాటు, ఎంత పనున్నా లేచేది కాదు.

అన్న ఉప్పు మానేసిన ఏడు, చైత్ర పున్నమికి రథం లాగే తేరూ, యేసును సిలువ వేసిన మా మంచి శుక్రవారమూ పక్కపక్కనే పడ్డాయి. తేరు దగ్గర వేదిక కట్టి కండల పోటీ పెడతారని తెలిసి, బెంగుళూరులో పోటీలు చూసివచ్చిన ఎవరినో అన్న సలహా అడిగాడట. పోటీకి ముందు ఉప్పు మానెయ్యాలి, ఆఖరున నీళ్లు కూడా మానెయ్యాలి, అప్పుడు చర్మం బిగిసి నరాలు తేలతాయని ఆ మనిషి చెప్పాడట. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. ఈస్టరుకు ముందు నలభై రోజుల లెంటులో, అంటే శ్రమల దినాల్లో, పైగా తేరులో, చిన్న చెడ్డీతో జనం ముందు నిలబడతానంటే అమ్మ ప్రాణం పోయినా ఒప్పుకోదు గనక, అన్న ఇంట్లో లెంటు ఉపవాసమని చెప్పాడు. ఆదివారం గుడికి పిలిస్తేనే పక్కమీద అటు తిరిగి పడుకునే మనిషి!

అమ్మ సంతోషం ఏమని చెప్పను! పక్కింటి వాళ్లకు చెప్పింది, పాలామెకు చెప్పింది, గుడి పాస్టరు అయ్యగారితో చెబితే ఆయన అందరి ముందు అన్న కోసం ప్రార్థన చేశాడు. నాకు మాత్రం రోజురోజుకూ భయం పెరిగింది. బళ్లారి ఎండలో టైర్లు ఎత్తే మనిషికి చెమట పట్టడం ఆగిపోయింది. బుగ్గలు లోపలికి పోయాయి, పెదవులు చిట్లి నల్లబడ్డాయి, పలకరిస్తే ఎక్కడినుంచో వచ్చినట్టు చూసేవాడు. ఆ ముఖం చూసి అమ్మ భక్తి అనుకుంది. నేను అన్న చచ్చిపోతాడేమో అనుకున్నాను, కానీ దేవుడి కోసం చేసే పనిని అలా అనుకోవడం పాపమేమోనని మళ్లీ ఇంకో భయం.

మంచి శుక్రవారం మిట్టమధ్యాహ్నం, మా పాత మిషన్ గుడిలో ఫ్యాన్లు తిరగక అందరూ పాటల పుస్తకాలతో విసురుకుంటుండగా, అన్న నిలబడినవాడు నిలబడినట్టే పడిపోయాడు. పిక్కలు కొయ్యల్లా బిగుసుకున్నాయి, కళ్లు తేలిపోయాయి. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. అమ్మ ఆ చెంబుకు తన చెయ్యి అడ్డం పెట్టింది. "ముట్టద్దండమ్మా, నా కొడుకు మొక్కుకున్యాడు, ప్రభువు ప్రాణం ఇడిసిన మూడు గంటలు దాటల్ల" అంది. అన్న కూడా నాలుక తిరగని గొంతుతో నీళ్లొద్దనే గొణిగాడు. ఆడవాళ్లు చుట్టూ మోకరించి ప్రార్థన ఎత్తుకున్నారు. అందరి మధ్యలో ఆ చెంబు నేలమీద నిండుగా ఉంది, దానికి జానెడు దూరంలో అన్న నోరు తెరుచుకుని ఉంది.

గరిడి స్నేహితుడొకడు, గుడి మెట్లు ఎప్పుడూ ఎక్కనివాడు, అన్నను వెతుక్కుంటూ వచ్చి వాకిట్లో నుంచే అరిచాడు. "ఏం ఉపాసమమ్మా! స్టేజీ మీద నరాలు కనపడల్లని ఉప్పూ నీళ్లూ బంద్ చేసినాడమ్మా వాడు! పోయమ్మా, సచ్చిపోతాడు!"

అమ్మ ముఖం నేను చూశాను, అదే చూడకుండా ఉంటే బాగుండేది. చెంబెత్తి పోసింది, నీళ్లు సగం అన్న నోట్లోకి, సగం చొక్కా మీదికి పోయాయి. ఎవరి జీపులోనో ఆసుపత్రికి తీసుకుపోతే సెలైన్ ఎక్కించారు, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. అన్న బతికాడు. తర్వాత లారీ నడిపాడు, అందరిలాగే పొట్ట పెంచాడు. అమ్మ అన్నను ఒక్క మాట కూడా అనలేదు, కానీ తాను పోయేదాకా అన్న కంచంలో అన్నిటికంటే ముందు ఉప్పు వేసి, అది కలుపుకునేదాకా అక్కడినుంచి కదిలేది కాదు. నాకూ అదే అలవాటైంది.

ఇప్పుడు కాలం మారింది, వేదికలకు లైట్లొచ్చాయి, గరిడి ఉన్నచోట అంగళ్లు లేచాయి, పిల్లలు కోడిమాంసాన్ని గ్రాముల లెక్కన తూచుకుంటున్నారు. కోచ్‌కు అన్నీ తెలుసు, నువ్వు భయపడొద్దని మనవడు నాకే నచ్చజెప్పి వెళ్లాడు. నిజమే కావచ్చు. కానీ ప్రతిదానికీ నవ్వే మా అన్నకు ఈ సంగతి చెబితే, తింటున్న కంచం పక్కన పెట్టేశాడు. నేను రోజూ మనవడికి ఫోన్ చేసి నీళ్లు తాగినావా అని అడుగుతాను. "తాగినా అవ్వా" అంటాడు. అన్న కూడా అమ్మ ఏమడిగినా అంత చల్లగానే జవాబు చెప్పేవాడు. అన్న ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూస్తూ కూడా అమ్మ ఆ అబద్ధాన్ని పోల్చుకోలేకపోయింది. నాకు ఫోన్‌లో గొంతు మాత్రమే వినిపిస్తుంది, పెదవులు కనిపించవు.