కోయడానికే కుట్టిన ఎర్ర పట్టీ

వీబ్కె దగ్గర బల్ల కొనాలంటే ముందు ఒక పట్టీ కోయాలి. అది ఆషామాషీ పట్టీ కాదు. ఆమె స్వయంగా తోలు ఎంచి, అంచులు నున్నగా గీసి, మైనం పట్టిన దారంతో కుట్టిన పట్టీ. అంబులెన్సు వాళ్ళు వాడే మొద్దు మొన కత్తెరతో దాన్ని ఆమె కళ్ళ ముందే కోసి చూపించాలి. కోయనంటే బల్ల లేదు, బతిమాలినా లేదు. బెర్లిన్‌లో షోనెబెర్గ్ పేటలో, సైకిళ్ళు పెట్టే పెరడు దాటి వెనకాల కార్ఖానాలోకి వెళ్ళే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. వాళ్ళలో సగం మంది తనను పిచ్చిదంటారని ఆమెకూ తెలుసు.

సోఫాలకూ కుర్చీలకూ దిండు వేసి తోలు తొడగడం ఆమె నేర్చిన వృత్తి. ముప్ఫై ఏళ్ళుగా మాత్రం ఆ చేతులు వేరే సామాను చేస్తున్నాయి. ఎదిగిన మనుషులు, ఇష్టపడి, ఒకరి చేత ఒకరు కట్టించుకుని ఆడుకునే ఆటకు కావలసిన బల్లలు, వాలు దిండ్లు, మణికట్టు పట్టాలు, కాళ్ళు దగ్గరకు రాకుండా చీలమండల మధ్య పెట్టే కడ్డీలు. ఏం చేస్తుంటారని రైల్లో ఎవరైనా అడిగితే ఈ మాటే చెబుతుంది, గొంతు తగ్గించకుండా చెబుతుంది. విన్నవాళ్ళు కిటికీ వైపు తిరిగి కూర్చుంటే అది వాళ్ళ ఖర్మ.

మార్చిలో ఒక మంగళవారం పొద్దున ఓట్మార్, ఇర్మెలా అనే దంపతులు వచ్చారు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఓట్మార్ ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఈ ఆట ఆడేవాళ్ళలో వయసుతో పని లేకుండా అందరూ అందరినీ "నువ్వు" అనే అంటారు కాబట్టి, వీబ్కె కూడా ఆ పెద్దాయనను అలాగే పలకరించింది.

"ఫోన్లో ఒక ఇనప కడ్డీ చూశాం," అన్నాడు ఓట్మార్. "దాంతో తాళం కప్పలు కూడా ఇస్తున్నారు."

"తాళాలెందుకు, నువ్వు పారిపోతావనా?"

ఇర్మెలా కిసుక్కున నవ్వింది.

"నువ్వు నవ్వకు. తాళం వేశాక ఈయనకు ఊపిరాడలేదనుకో, నువ్వు ముందు కళ్ళజోడు వెతుక్కుంటావు, తర్వాత తాళంచెవి వెతుక్కుంటావు. అప్పటిదాకా ఈయన ఆగాలిగా! అది సరే, ఎడమ తుంటి ఎప్పుడు మార్పించావు?"

ఓట్మార్ ఉలిక్కిపడ్డాడు. "ఏడు నెలలైంది. నీకెవరు చెప్పారు?"

"నీ నడకే చెప్పింది. అయితే కడ్డీ మాట ఇప్పుడొద్దు. కాళ్ళు ఎంత ఎడంగా పెట్టొచ్చో డాక్టర్ని అడిగి రా."

"అలాంటిది డాక్టర్ని ఎలా అడగను?"

"నోటితో అడుగు. ఆయన పెట్టిన తుంటి ఎంతవరకు కదులుతుందో ఆయన్ని కాక ట్రాము కంపెనీని అడుగుతావా? ఇంకో మాట. కడ్డీ ఎప్పుడు పెట్టినా మనిషి పడుకున్నాకే పెట్టాలి. నించున్నవాడికి పెడితే, తూలినప్పుడు కాలు ముందుకు వెయ్యలేక బొక్కబోర్లా పడతాడు."

మోకాళ్ళ మీద వంగే బల్ల వద్దని, వెల్లకిలా పడుకునే బల్ల చూపించింది. ఓట్మార్ దిండును వేలితో నొక్కి, ఇంకాస్త మెత్తగా ఉంటే బాగుండేదన్నాడు. మెత్తటిది కొట్లో బాగుంటుందని, పది నిమిషాలకు మనిషి అందులో కుంగిపోయి కింది చెక్క అంచు నరాల మీద ఒత్తుతుందని వీబ్కె చెప్పింది. బట్టల మీదే, బూట్లు మాత్రం విప్పించి, అతన్ని బల్ల మీద పడుకోబెట్టింది. పట్టీల కింద రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో ఇర్మెలా చేత చూపించింది. ఓట్మార్ చేతిలో ఒక చిన్న గంట పెట్టి, మాట రాకపోతే దాన్ని జారవిడవమంది. గుడ్లు ఉడకబెట్టేటప్పుడు తిప్పే వంటింటి గడియారాన్ని పావుగంటకు తిప్పింది. మధ్యమధ్యలో ఇర్మెలా అతని వేళ్ళు పట్టుకుని నొక్కమనాలి. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొక్కు బలహీనపడినా ఆట అక్కడితో ఆగిపోవాలి. మెడకు మాత్రం ఏదీ తగలకూడదు, మనిషిని వదిలి కాఫీ కోసం కూడా పక్క గదిలోకి వెళ్ళకూడదు.

పావుగంట అయ్యాక ఇర్మెలా చేతికి కత్తెర ఇచ్చింది.

"అయ్యో, ఇంత ముచ్చటైనదాన్నా! పాతదేదైనా ఇవ్వమ్మా, కోస్తాను."

"పాతది ఎవరైనా కోస్తారు. ఇదే కొయ్యి."

ఇర్మెలా కళ్ళు చిట్లించి కోసింది. వీబ్కె ఆ ముక్కలు తీసుకుని గోడకున్న మేకుకు తగిలించింది. అక్కడ అలాంటివి వందల కొద్దీ వేలాడుతున్నాయి.

ఆమె ఎడమ చేతి బొటనవేలు పూర్తిగా పైకి లేవదు. పదకొండేళ్ళ కిందట, మూడు వారాలు కూర్చుని, తనకోసమే ముదురెరుపు పట్టీల జత ఒకటి కుట్టుకుంది. అంత మంచి పని అంతకుముందు చేయలేదు, ఆ తర్వాతా చేయలేదేమో. ఆ పట్టీలతో ఆమెను కట్టింది గెజీనె. పాతికేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద కలిసి బతుకుతున్న మనిషి. మోచేతి పైన పట్టీ బిగుసుకుని చెయ్యి మొద్దుబారుతోందని వీబ్కె చెప్పగానే గెజీనె కత్తెర తీసింది. అప్పుడు వీబ్కె ఒక మాట అంది.

"కోయకు! బకిల్ తియ్యి, కోయకు."

తన చేతి పని మీద మోజున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ అనని మాట అది. బకిల్ మీద బరువు పడి ముల్లు ఇరుక్కుపోయింది. గెజీనె కత్తెర పక్కన పెట్టి రెండు చేతులతో పెనుగులాడింది. ఆరేడు నిమిషాలు పట్టింది. నరం నలిగిందన్నారు ఆస్పత్రిలో. ఐదు నెలల పాటు మణికట్టు పైకి లేవలేదు. పట్టీ మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ రోజు నుంచి గెజీనె బకిల్ అనేదాన్ని ముట్టుకోలేదు. తప్పు నాదే, ఆ మాట అన్నది నేనే అని వీబ్కె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "అన్నది నువ్వే. కత్తెర మాత్రం నా చేతిలో ఉంది," అనేది గెజీనె, అంతటితో మాట తుంచేసేది. వీబ్కెకు ఈ వయసులో కావలసింది ఒక్కటే. గెజీనె చేత మళ్ళీ ఒక్కసారి కట్టించుకోవాలి.

ఈ ఆట ఆడేవాళ్ళకు ఆ పేటలో ఒక సంఘం ఉంది. రాగి గొట్టాలు పాకిన నేలమాళిగలో ఉంటుంది కాబట్టి రాగి మాళిగ అంటారు. రిజిస్టరైన సంఘం. నియమావళి ఉంది, కోశాధికారి ఉన్నాడు. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి కాఫీ, ఆపిల్ కేకు, ఆ తర్వాత అజెండా. గురువారాల్లో కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది వీబ్కె, అక్కడా పట్టీ కోయడం తప్పనిసరి. గెజీనె ఆ సంఘానికి కార్యదర్శి. ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చారో, ఎన్ని చేతులు లేచాయో మినిట్స్ పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది. సంఘానికి ముప్ఫై ఏళ్ళు నిండుతున్నాయని వీబ్కె నాలుగు నెలలు కష్టపడి ఒక పెద్ద బల్ల చేసింది. దానికి పట్టీలు కావాలని ముదురెరుపు తోలే ఎంచింది, సరిగ్గా లేవని ఆ బొటనవేలితోనే కుట్టింది.

ఏప్రిల్ ఆదివారం నాటి నాలుగో అంశం అధ్యక్షుడు ఫోల్క్‌మార్ పెట్టిందే. నలభై ఏళ్ళవాడు, ప్రకటనల కంపెనీలో పని. కేకు తినడం అయ్యాక లేచి నిలబడ్డాడు.

"వీబ్కె గారూ, మీ పనితనం మీద మా అందరికీ ఎంతో గౌరవం."

"ఆగు బాబూ. ఈ మాళిగలో ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ ఎవర్నీ మీరు అనలేదు. ఇవాళ నీ నోట ఆ మాట వచ్చిందంటే నా దగ్గర్నుంచి ఏదో లాక్కోబోతున్నావు. అదేంటో చెప్పు."

నలుగురూ నవ్వారు. ఫోల్క్‌మార్ మొహం కందిపోయింది.

"కొత్తవాళ్ళు భయపడుతున్నారండీ. మొదటి రోజే కత్తెర, నరాలు, ఆస్పత్రి అంటే ఎవరుంటారు? ముప్ఫై ఏళ్ళ పండగ ఫోటోల్లో గొలుసులు, తాళాలు కనబడాలి. పట్టీ కోత ఇష్టమున్నవాళ్ళు కోసుకుంటారు, తప్పనిసరి అక్కర్లేదు. గురువారం పాఠం కూడా ఇంకెవరికైనా ఇద్దామని..."

"భయపడనీ! బయటివాళ్ళు మనల్ని రోగులన్నారు, ఇంకా చాలా అన్నారు. నేనెప్పుడైనా తల దించుకున్నానా? లేదు. ఎందుకంటే మనం ఆడే ఆటలో మనిషిని మనిషి ఒంటరిగా వదిలెయ్యడు. అదొక్కటే మన దగ్గరున్న మంచి. ఫోటో బాగుండాలని నువ్వు దానికి తాళం వేస్తానంటే నేను ఒప్పుకోను. ఓటు వెయ్యండి, ఓడించండి, అయినా ఒప్పుకోను."

గురువారం పాఠం పోతే పోనీ అన్నంత తెగింపుగా మాట్లాడింది గానీ, ఆ పాఠమంటే ఆమెకు ప్రాణం. అక్కడ నేర్చుకుని వెళ్ళిన వాళ్ళ చేతులన్నీ ఆమెకు గుర్తే. ఓటుకు ముందు బల్ల చూడండి అంటూ చొక్కా చేతులు పైకి మడిచి, ఉన్ని స్కర్టుతోనే వెళ్ళి కొత్త బల్ల మీద బోర్లా పడుకుంది.

"ఎవరు కడతారు?" అన్నాడు ఫోల్క్‌మార్.

వీబ్కె తల తిప్పి గెజీనె వైపు చూసింది. గెజీనె మినిట్స్ పుస్తకంలో ఏమీ రాయకుండానే కలాన్ని కాగితం మీద ఆనించి కూర్చుంది. సిరా మరక పెద్దదైంది.

"ఇదేం పనే?" అంది గెజీనె, ఇద్దరికే వినపడేంత చిన్నగా. "అందరి ముందా?"

"ఇంట్లో పదకొండేళ్ళు అడిగాను. అక్కడ నీ పప్పులే ఉడికాయి. ఇక్కడ ఉడకవు."

గెజీనె లేచి వచ్చింది. బకిల్ ముట్టుకుని పదకొండేళ్ళయింది. అయినా ఏదీ మరిచిపోలేదు. నడుం, మోకాళ్ళు, ముంజేతులు. ప్రతి పట్టీ కిందా రెండు వేళ్ళు దూర్చి చూసింది. వీబ్కె కుడి చేతిలో గంట పెట్టి, కత్తెరను తన అరచేతిలోనే ఉంచుకుని పక్కనే కూర్చుంది. పావుగంటకు తిప్పిన వంటింటి గడియారం టిక్కుటిక్కుమంటోంది. వీబ్కెకు కళ్ళు మూసుకుంటే చాలు, పాత రోజుల్లోలాగే ఒంట్లోని బరువంతా బల్లకు ఇచ్చేసి హాయిగా ఊపిరి తీసుకోవాలనిపించింది. తీసుకుంది కూడా.

పదమూడో నిమిషంలో ఎడమ చిటికెన వేలు జివ్వుమంది.

ముందు నమ్మలేదు. వేలు కదిపి చూసింది, తిమ్మిరి పక్క వేలికీ పాకింది. మోచేయి లోపలి వైపు బల్ల అంచు ఒత్తుతోంది. చూడడానికి సన్నగా ఉండాలని అక్కడ ఫోమ్ ఒక వేలి మందం తగ్గించింది తనే. ఇంకో రెండు నిమిషాలు ఓర్చుకుంటే గడియారం మోగుతుంది, బల్ల గెలుస్తుంది, ఎర్ర పట్టీ మిగులుతుంది. ఓర్చుకోమని పదకొండేళ్ళ నాటి నోరే లోపలి నుంచి చెబుతోంది. వీబ్కెకు తన మీద తనకే ఒళ్ళు మండింది. గంట వదిలేసింది.

అది నేలను తాకి ఇంకా దొర్లుతూనే ఉంది, ఎడమ ముంజేతి మీది ఎర్ర పట్టీ తెగిపోయింది. గెజీనె బకిల్ వైపు చూడను కూడా లేదు. ఒకటే కోత. తర్వాత రెండో చెయ్యి, నడుం, మోకాళ్ళు. నాలుగు నెలల పనిలో పట్టీలన్నీ నాలుగు క్షణాల్లో ముక్కలయ్యాయి. గది నిండా అయ్యో అన్నారు జనం.

"కోసేశావా!" అరిచాడు ఫోల్క్‌మార్. "బకిల్ తీస్తే పోయేది కదా!"

ఆ కంగారులో మళ్ళీ నువ్వులోకి దిగాడు. గెజీనె మినిట్స్ పుస్తకం తీసి అతని ముందుకు నెట్టింది.

"కోశాను. రాసుకో. నా చెయ్యి ఖాళీ లేదు."

ఫోల్క్‌మార్ కలం అందుకున్నాడు. వీబ్కె బల్ల మీద కూర్చుని ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూపించింది. ఐదూ ఆడాయి, బొటనవేలు ఎప్పటిలాగే సగమే లేచింది.

"బల్లలో తప్పుంది," అంది అందరితో. "మోచేతి దగ్గర ఒత్తుతోంది. తప్పు నాదే, విప్పి మళ్ళీ చేస్తాను. పండగకు అందకపోతే అందదు. ఇప్పుడు ఓటు వెయ్యండి."

కోత తప్పనిసరి అని పద్నాలుగు చేతులు లేచాయి, వద్దని ఆరు. ఫోల్క్‌మార్ రాశాడు. వద్దన్న ఆరింటిలో తన చెయ్యి కూడా ఉందని నిజాయితీగానే రాశాడు.

ఇద్దరూ ఇంటికి నడిచారు. వంతెన దగ్గర గెజీనె ఆగి వీబ్కె ఎడమ చెయ్యి పట్టుకుంది.

"నిజంగానే తిమ్మిరెక్కిందా? నన్ను పరీక్షించడానికి వదిలావా?"

"నిజంగానే. నీ మీద ఒట్టు."

"కోయకు అంటావేమోనని చూశాను. అన్నా కోసేదాన్నే."

వీబ్కెకు ఏడుపు ఆగలేదు. నడివీధిలో, ఆదివారం షికారుకు వచ్చిన జనమంతా చూస్తుండగా, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చింది. గెజీనె కోటు జేబులోంచి రుమాలు తీసి ఇచ్చింది. రుమాలుతో పాటు కత్తెర పిడి కూడా బయటికి వచ్చింది.

"అది సంఘానిది కదే," అంది వీబ్కె ముక్కు ఎగబీలుస్తూ.

"వాళ్ళకు ఇంకోటి ఇద్దువుగాని. ఇది నేను ఇవ్వను," అని గెజీనె కత్తెరను మళ్ళీ జేబులో పెట్టుకుంది.