మా రాజన్న బండికి క్లచ్ ప్లేట్లు

చెల్లే, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? మరిదికి దగ్గు ఎట్లా ఉంది? కోడలు కడుపునిండా తింటున్నదా? ఇక్కడ నాకే ఈ రోజు మనసు నిలవలేదు.

నిన్న నా కొడుకు రాజన్న చేను నుంచి వస్తుంటే, బురద బాటలో కాలువ గట్టు ఎక్కలేక మోటార్ సైకిల్ వెనక్కి జారింది. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయట. ఈ పొద్దున్నే వాడితోపాటు నేనూ మెకానిక్ దగ్గరికి పోయాను. కంపెనీవి ఆదివారానికి గానీ రావట. డూప్లికేట్‌వి అక్కడే ఉన్నాయి. చేనులో పసుపు ఉడకబెట్టే పని ఆగదని రాజన్న అవే వేయమన్నాడు. నేను ఒక ప్లేటు తీసుకుని గోరుతో గీకి, విరవబోయాను.

"అవ్వా, గది పసుపు కొమ్ము కాదు! కొరుకుతవా ఏంది?" అన్నాడు మెకానిక్.

"కొమ్మైతే విరిస్తే లోపలి రంగు తెలుస్తది బిడ్డా. దీని సంగతి ఎట్ల తెలుస్తది?"

"గట్టు ఎక్కినంక తెలుస్తది."

ఆ మాట వినగానే, కంపెనీవి వచ్చేదాకా బండి కదలొద్దని తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. రాజన్న అలిగి చేనుకు నడిచే పోయాడు. ఇప్పుడు బాటలో పాములుంటాయేమోనని ఫికరు. నువ్వైతే ఏవి వేయిస్తావో చెప్పు.

ఆదివారం దాటాక బుధవారం మీ ఇంటికి వస్తాను. కంపెనీ ప్లేట్లు వేసినా సరే, బస్సులోనే.