కాఫీ తాగి ఇచ్చిన రక్తం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అమలాపురం కాలేజీలో లెక్కలు చెప్పుకునే నన్ను షుగరు జబ్బు మీద పరిశోధన చేసే జట్టుకి పెద్దని చేశారు. ఒక డాక్టరుగారు, కంప్యూటరు చూసే ఒకాయన, ఇద్దరు నర్సులు, నేను. పెద్దరికం కాగితం మీదే. డాక్టరుగారు నన్ను అడగకుండా ఏదీ చేసేవారు కాదు, అడిగాక తనకి తోచిందే చేసేవారు. ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ముక్తేశ్వరంలో ఇంటింటికీ తిరిగి, పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మని చెప్పి, రక్తం తీశాం. కంప్యూటరు లెక్క తేల్చేసరికి ఊళ్ళో సగం మందికి షుగరు! డాక్టరుగారి మొహం వెలిగిపోయింది. అందరికీ మాత్రలు రాసేశారు.

కొన్నాళ్ళకి, ఆ మాత్రలు వేసుకుంటున్న ఒకావిడ గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయిందని కబురొచ్చింది. బెల్లంనీళ్ళు తాగిస్తే లేచిందట. మా లెక్క మీదే అనుమానమొచ్చి నేను వెళ్ళి, రక్తం ఇచ్చిన రోజు ఏం తిన్నారని అడిగాను.

"ఏమీ తినలేదండి. కాఫీ తాగి వచ్చేనంతే."

"పంచదార వేసుకునా?"

"ఆయ్. లేకపోతే అదేం కాఫీ అండీ? అందరం తాగే వచ్చేం."

కాఫీని తిండి కింద ఎవరు లెక్కేస్తారు మా వైపు? కొన్నాళ్ళు మాత్రలు ఆపించి, ఈసారి కాఫీ కూడా తాగొద్దని చెప్పి, నర్సులతో మళ్ళీ ఊరంతా రక్తం తీయించాను. చాలామందికి జబ్బే లేదు. ఆవిడకీ లేదు. మాత్రలు పూర్తిగా మానెయ్యమని చెప్పి, కొత్త లెక్క పట్టుకెళ్ళి డాక్టరుగారి ముందు పెట్టాను.

ఆయన నాకు కొబ్బరినీళ్ళు తెప్పించారు. "పరిశోధన పేపరు పంపించేసేమండీ, ఇప్పుడు మారిస్తే ఏం బాగుంటుంది?"

"వెనక్కి తెప్పించండి," అన్నాను.

"ఆయ్, అలాగేనండీ."

తెప్పించలేదు. పాత లెక్కతోనే అచ్చయింది. జట్టు విజయానికి సభ చేశారు. నేను వెళ్ళకపోతే శాలువా ఇంటికి పంపారు. దాన్ని మడత విప్పకుండానే అటక మీద పడేశాను.

ఆ తర్వాత ముక్తేశ్వరం వెళితే ఆవిడ చేతిలో మళ్ళీ అవే మాత్రలు.

"మానెయ్యమన్నాను కదండీ! మీకు జబ్బు లేదు."

"డాక్టరుగారు మళ్ళీ ఇచ్చేరండి. మా లెక్క ఎక్కడో అచ్చులో కూడా పడిందంట కదా," అంది సంబరంగా. "మీరు లెక్కల మేష్టారు, ఆయన డాక్టరుగారాయె. ఏమనుకోకండేం."

నా ఎదురుగానే మాత్ర వేసుకుని, నీళ్ళు తాగింది.