రూట్ ఐదును కొట్టేసిన అమ్మాయి

ఈ రోజు ఉప్పుగూడలో మా డిగ్రీ కాలేజీ లెక్కల ఇంటర్నల్ పరీక్ష. పేపరూ నాదే, ఇన్విజిలేషనూ నాదే. ఫోన్ బయట పెట్టి, తలుపు వేసి, ఊరికే ఉండలేక నా ప్రశ్న నేనే చేసి చూశాను. జవాబు నేను అనుకున్నట్టు రాలేదు.

ఏ, బి అని రెండు చిన్న మ్యాట్రిక్సులు, అంటే అంకెల పట్టికలు. పైన ఏ, బి, కింద బి, ఏ పేర్చి ఒక పెద్ద మ్యాట్రిక్స్ చేసి, దాని ఐగెన్ విలువలు, అంటే ఆ పట్టికకు సొంతమైన కొన్ని సంఖ్యలు, కనుక్కోమన్నాను. రెండింటికీ విడివిడిగా పూర్ణాంకాలే వస్తాయని ముందే చూసుకున్నాను. కానీ పెద్దదాని విలువలు వచ్చేది ఆ రెండింటి కూడిక నుంచి, తీసివేత నుంచి. అది చూడలేదు. కూడితే రూట్ ఐదు వచ్చి కూర్చుంది. ప్రశ్న తప్పు కాదు కాబట్టి సవరణ చెప్పలేను. జవాబు చెప్పకూడదు. గది వదిలి పోనూలేను.

ముందు బెంచీలోంచి సబా లేచింది.

"సార్, నాకు రూట్ ఐదు వస్తుంది. ఏడనో తప్పు చేసిన గద?"

"నేనేం చెప్పొద్దమ్మా, నువ్వే చూస్కో."

"పూర్ణాంకం రాకుంటే లెక్క మల్ల చెయ్యమని మీరే అంటరు గద సార్?"

సబా కూర్చుని, సరైన జవాబు మీద స్కేలు పెట్టి మరీ గీత కొట్టింది. బెల్లు మోగేదాకా మళ్లీ మళ్లీ చేసింది. ప్రతిసారీ అదే వచ్చింది, ప్రతిసారీ కొట్టేసింది.

కొట్టేసిన జవాబుకు మార్కులు వేయకూడదన్నది రూలు. నేను వేసేశాను. లెక్కను కాదని నా మాట నమ్మినందుకు కోత ఎవరికి పెట్టాలో మీరే చెప్పండి.