మూడో ప్రశ్నకు మేం రాసిన జవాబు

1934 జనవరి 18, గురువారం. కర్నూలు.
హాజరు: తనిఖీకి వచ్చిన అధికారి, హెడ్మాస్టరు, మా ఇంగ్లీషు అయ్యవారు, బంట్రోతు, ఆరో ఫారం పిల్లలం ఒక్కడు తప్ప అందరం.
గైరుహాజరు: చలిజ్వరంతో ఒకడు.

ఏ రోజు సంగతి రాసినా ముందు తేదీ, తరువాత అక్కడున్న మనుషులు, ఆ తరువాతే జరిగినది. ఈ వరస నాకు బడిలో ఉండగానే అలవాటయింది. ఇప్పుడు పింఛను తీసుకుంటున్న రోజుల్లోనూ అదే వరస. అయితే ఆనాటి పేజీలో హాజరు కింద ఒకే ఒక్క మాట ఉంది: "భయంగా ఉంది." ఇంకేమీ రాయలేకపోయాను. మిగిలినది ఇప్పుడు రాస్తున్నాను.

ఆరో ఫారం అంటే హైస్కూలులో చివరి తరగతి. అది ముగిసే ముందు సర్కారు పరీక్ష ఉండేది. దానికి ఎవరిని పంపాలో, ఎవరిని ఆపాలో బడివాళ్ళే ముందుగా తేల్చేవారు. మా బడి పిల్లలు ఇంగ్లీషులో వరసగా తప్పుతున్నారని పైవాళ్ళకు తెలిసి, ఆ ఏడు ఒక అధికారిని పంపారు. పిల్లలకు ఇంగ్లీషు చదివితే అర్థమవుతోందా లేదా, అదొక్కటే ఆయన చూడవలసింది. ఆయనది గోదావరి వైపు. పొట్టి మనిషి, మెత్తని గొంతు. గట్టిగా అరిచేవాళ్ళు మాకు అలవాటే గాని, మెత్తగా మాట్లాడేవాళ్ళను చూస్తే మాకు వణుకు.

మా నాయన కోడుమూరు దగ్గర మెట్ట సేద్యం చేసేవాడు. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. ఈ తనిఖీకి ముందు నేను ఊరికి పోయినప్పుడు, తిరిగి బయలుదేరుతుంటే దొడ్డి గడప దాకా వచ్చి అన్నాడు:

"ఈ తూరి పరీచ్చకు పంపితే సరి. పంపకుంటే వచ్చి మడక పట్టుకో. ఇంగ సదివించే శక్తి నాకు లేదప్పా."

మడక అంటే మా దిక్కున నాగలి. అంతవరకు నన్ను "ఏమిరా" అని తప్ప పిలవని మనిషి. ఆ రోజు నన్ను సాటి మనిషిని పిలిచినట్టు "అప్పా" అన్నాడు. తిట్టి ఉంటే అంత భయపడేవాణ్ణి కాదు.

మా ఇంగ్లీషు అయ్యవారు చదువు చెప్పే పద్ధతి చెప్పాలి. ఆయన ఇంగ్లీషు పాఠాన్ని కూడా తెలుగు పద్యం చెప్పినట్టే చెప్పేవారు. ముందు ఒకడు లేచి గట్టిగా చదవాలి. తరువాత ప్రతిపదార్థం, మాటమాటకూ తెలుగు మాట. అందరం కలిసి పాడినట్టు చెప్పేవాళ్ళం. చివర తాత్పర్యం. అది మాత్రం ఆయనే చెప్పేవారు, మేం రాసుకుని వల్లె వేసేవాళ్ళం. ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పడంలో మా తరగతిని మించినవాళ్ళు జిల్లాలో లేరని ఆయన నమ్మకం. మా నమ్మకమూ అదే. తాత్పర్యం తీయమని మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ గురువారం పొద్దున అధికారి తన సంచిలోంచి అచ్చు కాగితాలు తీసి పంచారు. మేం ఎన్నడూ చూడని పాఠం. అందులో ఒక రైతు కుటుంబం ఉంది. నాలుగు రోజులు ఎడతెగని వాన. ఐదో రోజు తెల్లవారుజామున వాన ఆగింది. రైతు భార్య కిటికీ తెరిచి మొగుణ్ణి కేక వేసింది. రైతు వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసి దేవుడికి దండం పెట్టుకున్నాడు. పిల్లలు కేరింతలు కొట్టారు. అందరూ మంచి బట్టలు కట్టుకుని పక్క ఊరి సంతకు బయలుదేరారు. అంతే కథ. కింద ఐదు ప్రశ్నలు. మూడోది: రైతు దేవుడికి ఎందుకు దండం పెట్టుకున్నాడు?

కాగితంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. వేలు పెట్టి రెండుసార్లు చదివాను. నాయన మాట గుండెల్లో ఉన్నా, ఆ గంటసేపు భయం లేదు. మూడో ప్రశ్నకు పొందికగా రాశాను: నాలుగు దినాలు మంచి వాన పడినందున రైతు దేవుడికి దండం పెట్టుకున్నాడు. రాసి, చదువుకుని, చుక్క పెట్టాను.

మధ్యాహ్నం అన్నాల గంట తరువాత అధికారి మా కాగితాలు పట్టుకుని వచ్చారు. వెనక హెడ్మాస్టరు, ఆయన వెనక మా అయ్యవారు. అయ్యవారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మూడో ప్రశ్నకు వాన పడినందుకు అని రాసినవాళ్ళు లేచి నిలబడండి," అన్నారు అధికారి.

మొదట ఎవరూ లేవలేదు. తరువాత ముందు బల్లలో ఒకడు లేచాడు. వాడి పక్కవాడు లేచాడు. నేను లేచాను. అటు ఇటు చూస్తే తరగతి తరగతంతా నిలబడి ఉంది. ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వాడు మూడో ప్రశ్నకు జవాబే రాయలేదు.

"కాగితంలో వాన ఆగిందని రాసి ఉందా లేదా?"

"ఉంది సార్," అన్నాం అందరం. అడగకపోయినా ఆ మాటకు తెలుగు అర్థం కూడా చెప్పాం.

"మరి? వాన ఆగింది, దారి బాగుపడింది, సంతకు పోవచ్చు. అందుకు సంతోషించారు. నాలుగు రోజులు ముసురు పట్టి, తెరిపి ఇస్తే సంతోషించని మనిషి ఉంటాడటయ్యా లోకంలో?"

నా పక్కన నిలబడిన స్నేహితుడు, కోట దగ్గర జట్కా తోలే సాయిబు కొడుకు, పెదవులు కదపకుండా గొణిగాడు: "ఈ దిక్కంతా వాండ్లే కదప్పా ఉండేది."

అధికారి విన్నారేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన వినలేదు. హెడ్మాస్టరు వైపు తిరిగారు.

"వీళ్ళకు మాటలు వచ్చు, చదవడం రాదు. ఇలాంటివాళ్ళను పరీక్షకు పంపి ఏం లాభం? రేపు పొద్దున ఒక్కొక్కణ్ణి విడిగా చూస్తాను. ఆ గదిలో గట్టెక్కినవాడే పరీక్షకు. మిగిలినవాళ్ళు వచ్చే ఏడు."

వచ్చే ఏడు అనేది నాకు లేదు. తెలియని మాట వచ్చి తప్పి ఉంటే, ఆ మాట నేర్చుకుంటే సరిపోయేది. ఇక్కడ అన్ని మాటలూ తెలుసు. అన్నీ తెలిసి కూడా, కళ్ళ ముందున్నది కాక వేరొకటి చదివాను. రేపు ఇంకో కాగితం ఇస్తారు, అందులోనూ అన్ని మాటలూ తెలిసే ఉంటాయి. అప్పుడు తప్పుతున్నానో లేదో నాకెట్లా తెలుస్తుంది? ఆ ప్రశ్న తరువాత జీవితంలో ఎన్నో చోట్ల వేసుకున్నాను గాని, మొదటిసారి వేసుకున్నప్పుడు కలిగిన దడ మళ్ళీ కలగలేదు.

బడి వదిలాక అయ్యవారు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నారు. మేం నలుగురైదుగురం దగ్గరికి పోయాం.

"రేపటికి ఏం చదువుకోమంటారు సార్?" అని అడిగాను.

ఆయన హెడ్మాస్టరు గది వైపు ఒకసారి చూశారు. తరువాత గొంతు తగ్గించి అన్నారు: "ఏం చెప్పేదప్పా? పొద్దున ఆ కాగితం నేనూ సదివినా. నేను గూడా వాన పడినందుకే అనుకున్యా."

చెప్పేవాడికే తెలియకపోతే ఒక్క రాత్రిలో మాకెవరు చెబుతారు? ఎవరి దారిన వాళ్ళం పోయాం.

నేనూ నా స్నేహితుడూ హంద్రి ఇసుకలో అడ్డంగా నడిచి పోతున్నాం. ఏట్లో చెలమలు తవ్వి ఆడవాళ్ళు నీళ్ళు తోడుకుంటున్నారు. వాడు ఉన్నట్టుండి ఆగాడు.

"నాకు తెలిసిపాయ. ఉల్టా రాయాల."

"ఏంది ఉల్టా?"

"మనకు సంతోషమైంది వాండ్లకు ఏడుపు. మనకు ఏడుపు వచ్చేది వాండ్లకు పండగ. రేపు ఏమడిగినా, నీ మనసుకు ఏం తోస్తాదో దానికి ఉల్టా చెప్పు. ఖతం."

"తప్పయితే?"

"సీదాగా చెప్పి తప్పినాం కదప్పా ఈ పొద్దు. ఉల్టా చెప్పి తప్పితే నీ సొమ్మేం పోయె?"

నవ్వు రావలసిన మాటే. నాకు రాలేదు. వాడు చెప్పినది నిజమేమో అనిపించి ఇంకా భయమేసింది.

కర్నూలులో నేను మా చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేవాణ్ణి. పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతూ ఆమె నా మొహం చూసింది.

"ఏంరా, అట్ల పీనుగ మాదిరి వచ్చినావు?"

కథంతా చెప్పాను. నాలుగు రోజుల వాన అనగానే ఆమె మొహం వెలిగింది. ఆగింది అనగానే "అయ్యో" అంది. తరువాత వాళ్ళు సంతోషించారని చెబితే రొట్టె తిప్పడం మానేసింది.

"వాన నిలిస్తే సంతోషమా? వాండ్లకేమన్నా పిచ్చి పట్టిందా?"

"సంతకు పోవాల కదా చిన్నమ్మా."

"సంత యాడికి పోతాది, మళ్ళా వారం రాదా? నాలుగు దినాలు వాన పడితే సంత ముచ్చట ఎవనికి కావాల? సేన్లోకి పోకుండా సంతకు పోతాడంట, రైతంట వాడు!" అని, రొట్టె నా పళ్ళెంలో వేసి, మెల్లగా అడిగింది: "మీ నాయనకు చెప్పి పంపాల్నా?"

"వద్దు చిన్నమ్మా. రేపు పొద్దున దాకా వద్దు."

రెండో రొట్టె నాకు దిగలేదు. మా దిక్కున ఇద్దరు ఎదురుపడితే యోగక్షేమాల కంటే ముందు "మీ దిక్కు వాన ఎట్లుండాది?" అని అడుగుతారు. ఆ మాట వింటూ పెరిగిన చెవులతోనే ఆ కాగితం చదివాను. ఇది ఇప్పుడు తెలుస్తోంది. ఆ సాయంత్రం నాకు తెలిసినదల్లా నా మనసును నమ్మకూడదని. పాత పుస్తకం తెరిచి ఒక పాఠం తీశాను. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది అక్కడ ఉన్నదా, నేను అనుకుంటున్నదా అని చూసుకోబోయాను. అక్షరాలు అలికినట్టయ్యాయి. పుస్తకం మూసేశాను.

మరునాడు శుక్రవారం పొద్దున హెడ్మాస్టరు గది బయట వరుసగా కూర్చోబెట్టారు. లోపలికి పోయి వచ్చినవాళ్ళను బంట్రోతు మాతో మాట్లాడనీయకుండా అవతలికి తోలుతున్నాడు. నా స్నేహితుడు నాకంటే ముందు పోయాడు. బయటికి వచ్చి, బంట్రోతు తలుపు దగ్గరికి తిరిగిన క్షణంలో నా పక్కకు వంగాడు.

"ఉల్టా చెప్పినావా?" అన్నాను.

"నా కథలో అందరూ సచ్చిపోయినారప్పా. దాన్ని ఉల్టా ఎట్ల చేసేది? సీదాగానే చెప్పినా. పంపుతారంట," అన్నాడు. బంట్రోతు వాణ్ణి రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

నన్ను పిలిచారు. హెడ్మాస్టరు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అధికారి ఒక కాగితం నా ముందుకు జరిపారు. చలి దేశపు కొండల్లో గొర్రెలు కాసుకునే కుటుంబం. కొడుకు కుక్కను తీసుకుని మంద వెంట పోయాడు. చీకటి పడే వేళకు కుక్క ఒక్కటే తిరిగి వచ్చి వాకిట్లో నిలబడింది. తల్లి ఉన్ని అల్లుకుంటోంది. కుక్కను చూసింది. అల్లిక కింద పెట్టింది. ఒక్క మాటా అనకుండా, తలుపు వెయ్యకుండా, పక్కింటికి పోయింది. కథ అక్కడికే ఆగింది.

"తల్లి పక్కింటికి ఎందుకు పోయింది?" అన్నారు ఇంగ్లీషులో.

చదువుతుండగానే నాకు తెలిసిపోయింది. ఆ తల్లికి ఏమయిందో, రాత్రి నుంచి నాకూ అదే అవుతోంది. కాని నిన్న కూడా ఇట్లాగే తెలిసిపోయింది కదా? నిన్న కూడా నా మనసే కదా చెప్పింది? ఉల్టా అంటే ఏమిటి, ఆ తల్లి సంతోషంగా ముచ్చట్లకు పోయిందా? కాగితం చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాను. కుక్క ఒక్కటే. ఒక్కటే అనే మాట అక్కడ ఉంది.

"కుక్క వచ్చింది. పిల్లవాడు రాలేదు. తల్లి భయపడింది," అన్నాను. నా ఇంగ్లీషు అంతకంటే అందంగా రాలేదు.

ఆయన ముందుకు వంగి తెలుగులోకి దిగారు. "భయపడిందని ఎక్కడుందోయ్? ఆ మాట చూపించు."

వెతికాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. భయం అనే మాట కాగితంలో ఎక్కడా లేదు. నిన్నటిలాగే లేనిదాన్ని చదివాను. కోడుమూరు పొలంలో నాయన వెనక నడుస్తున్నట్టు, కాళ్ళ కింద బెడ్డలు తగులుతున్నట్టు అనిపించింది.

"లేదు సార్," అన్నాను. "ఆ మాట లేదు సార్. తలుపు వెయ్యలేదు సార్. చలి దేశంలో చీకటి పడే వేళ తలుపు వెయ్యకుండా పోయింది. అల్లిక కింద పెట్టింది. ఎవరితోనూ ఏమీ అనలేదు."

ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకున్నారు. హెడ్మాస్టరుతో ఇంగ్లీషులో, "ఈ అబ్బాయిని పంపండి," అన్నారు.

ఎక్కడికి పంపమంటున్నారో, బయటికో, పరీక్షకో తెలియక నేను అక్కడే నిలబడిపోయాను. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి నా భుజం మీద చెయ్యి వేసి, "పరీక్షకురా, నిన్ను పంపమనింది. పో, పోయి నీళ్ళు తాగు," అన్నారు.

నీళ్ళ కుండ దాకా పోలేదు. బడి వెనక గోడ పట్టుకుని, రాత్రి తిన్న ఒక్క రొట్టెనూ వాంతి చేసుకున్నాను. నా స్నేహితుడు పరుగెత్తుకొచ్చి, నన్ను పంపుతున్నారని నా నోట విని, వీపు మీద చరిచాడు.

"పంపుతామనిన్యారు గదప్పా. ఇంగ ఎందుకు కక్కుతాండావు?"